నత్తగుల్లల తొట్టి

ఇసుక కడగడమంటే పప్పు కడిగినట్టే ఉంటుందనుకుంది రూజెనా. పప్పుకి మూడు నీళ్లు చాలు. స్నానాల గదిలో మోకాళ్ల మీద కూర్చుని బకెట్ల కొద్దీ పారబోసినా ఈ ఇసుక మడ్డి మాత్రం తరగడం లేదు. చేపల గాజుతొట్టి అడుగున పరచడానికి ఈ ఇసుక. ఆ తొట్టి తెచ్చింది ఆమె భర్త ఓటకర్. వాళ్లుండే బ్ర్నో నగరంలో సిక్లిడ్ అనే రకం చేపలు పెంచేవాళ్ల క్లబ్బులో కొత్తగా చేరాడు. మొదటిసారి పెంచేవాళ్లకి చిన్న తొట్టి చాలని అక్కడ వీత్ అనే స్నేహితుడు చెప్పాడట. ఆమె కుట్టుమిషన్ని మంచం కిందికి తోసేసి ఆ చోట తొట్టిని పెట్టాడు. రిటైరయ్యావుగా, నీకూ కాలక్షేపం అన్నాడు.

నీళ్లు నింపగానే చేపలు వేయకూడదని ఆమె లైబ్రరీ పుస్తకంలో చదివింది. చేపల మలంలో విషం ఉంటుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో పెరగడానికి వారాలు పడుతుంది. వాటి కోసం చేపల్లేని తొట్టిలోనే రోజూ చిటికెడు మేత వేయాలి, నీళ్లు పరీక్షిస్తూ ఉండాలి. ఓటకర్‌కి అంత ఓపిక లేదు. ఆదివారం సంతలో చేపలు కొనేస్తానన్నాడు, నీళ్లు నీళ్లే కదా అన్నాడు. అవి చస్తే క్లబ్బులో నవ్వుతారని ఆమె అనేసరికి ఆగాడు. రోజూ ఎవరో ఒకరు చూడాలి కాబట్టి ఈ శుక్రవారం కుటీరానికి నేను రానని కూడా ఆ ఊపులోనే అనేసింది.

శుక్రవారం సాయంత్రమయ్యేసరికి వాళ్ల అపార్టుమెంటు సగం ఖాళీ అవుతుంది. అందరూ ఊరి బయట తమ తమ చెక్క కుటీరాలకి విశ్రాంతికి పోతారు. రూజెనాకి మాత్రం అది రెండో వంటిల్లు. చల్లబడ్డ పొయ్యి రాజేయాలి, ఓటకర్ స్నేహితులకి గులాష్ అనే మాంసం కూర వండాలి, ప్లమ్ పండ్లు సీసాల్లో నిల్వ పెట్టాలి. ఆదివారం రాత్రికి మాసిన దుప్పట్లతో తిరిగి రావాలి. "మా ముసల్దాన్ని ఊరికే కూర్చోబెడితే జబ్బు చేస్తుంది" అంటాడు ఓటకర్, బీరు గ్లాసు పైకెత్తి. అందరూ నవ్వుతారు. చాలా ఏళ్లు ఆమె కూడా నవ్వింది.

ఆ మొదటి శుక్రవారం కారు మలుపు తిరిగేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. చిన్నప్పుడు అమ్మని ఆసుపత్రి బండిలో తీసుకెళ్లారు, అమ్మ మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఎవరి బండి కదిలినా, తిరిగొస్తుందో లేదోననే ఆమెకి అనిపిస్తుంది. ఓటకర్‌కి దారిలో ఏమైనా అవుతుందేమోనని చాలాసేపు భయపడింది. తర్వాత రొట్టె, వెన్న తింది. ఎవరూ పిలవలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా మంచం మీదే పడుకుని చదువుకుంది.

నీళ్లు కుదురుకున్నాక చేపలు వచ్చాయి. వేలి కణుపంత చారల చేపలు, నత్తగుల్లల్లో కాపురముండే రకం. చేపకొక గుల్ల చాలదు, ఎంచుకోవడానికి ఇంకా ఎక్కువుండాలి. ఓటకర్ గుల్లలన్నిటినీ వరసగా పేర్చి వెళ్లాడు. ఒక ఆడ చేప నోటితో ఇసుక తోడి పూటలో ఆ వరసంతా చెరిపేసింది, తన గుల్లని మూతి దాకా పాతుకుంది, దగ్గరికొచ్చిన మగ చేపని తరిమింది. రూజెనా తొట్టి ముందు కూర్చుని చాలాసేపు చూసింది. ఇంకా గుడ్లు పెట్టలేదనీ, కొత్త చోటికి అలవాటు పడలేదనీ చెబుతూ శుక్రవారాలు గడిపింది.

ఒక శుక్రవారం ఓటకర్ సంచి గుమ్మంలో పెట్టి, దొంగని పట్టుకున్నవాడిలా నవ్వాడు.

"వీత్ని అడిగాను. ఎదిగిన చేపలు రెండు మూడు రోజులు మేత లేకపోయినా హాయిగా ఉంటాయట. కోటు వేసుకో."

"తెలుసు" అంది రూజెనా.

"తెలుసా? ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ. పుస్తకంలో ఉంది."

అతని నవ్వు ఆగిపోయింది. "మరి ఇన్నాళ్లూ చేపల కోసం అన్నావు?"

"చేపల కోసమంటే ఒప్పుకున్నావు. నాకోసమంటే ఒప్పుకునేవాడివా?"

అతను తొట్టి వైపు చూశాడు, తర్వాత చేతిలోని తాళాల వైపు. గొడవ పడతాడేమోనని ఆమెకి భయంగానే ఉంది. అయినా కోటు కోసం చెయ్యి చాపలేదు.

"వీత్ వాళ్లొస్తున్నారు. వంట ఎవరు చేస్తారు?" అన్నాడు చివరికి.

"ఉల్లిపాయలు సంచిలో పెట్టాను. మాంసం ఎంతుంటే ఉల్లిపాయలు అంత" అంది రూజెనా. "తరిగేటప్పుడు కళ్లు మండుతాయి. అలవాటైపోతుందిలే."