తొమ్మిదో బొమ్మ బులాకి

ఎనిమిదో పెళ్ళికూతురికి కుచ్చిళ్ళు పెట్టి ముగించేసరికి అక్కయమ్మ మెడ కట్టెలా బిగుసుకుపోయింది. జానెడున్నర పొడుగు పింగాణీ బొమ్మకు చీర కట్టడమంటే మనిషికి కట్టినట్టు కాదు. పట్టుముక్కను ఉన్నదున్నట్టు చుడితే బొమ్మ నడుము దగ్గర గోనెసంచిలా నిలబడుతుంది. పాత చీర చెంగులోంచి పోగుపోగుగా దారం లాగి, బట్టను పలచన చేసి, జరీ అంచును నిలువునా చీల్చి, గంజిలో తడిపి, నిప్పుల మీద కాచిన గరిటె కాడతో ఒక్కొక్క మడతా అదమాలి. నాలుగు వేళ్ళ వెడల్పులో తొమ్మిది కుచ్చిళ్ళు రావాలి. ఒక్కటి తప్పినా అన్నీ విప్పాలి.

పదకొండేళ్ళుగా ఇదే పని. బెంగుళూరులో ఒక పెద్దావిడ, బడిలో బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన మనిషి, ఇంట్లోనే బట్టీ పెట్టుకుని పింగాణీ తలలు, చేతులు, పాదాలు కాల్చేది. ముఖాలు తానే దిద్ది పెట్టెలో గడ్డి పరిచి పంపేది. వాటికి గుడ్డతో ఒళ్ళు కుట్టి, రంపంపొట్టు కూరి, చీర, రవిక కట్టి తిరిగి పంపడం అక్కయమ్మ వంతు. నగలు ఆమె మొగుడు ఆంజినప్ప చేసేవాడు.

ఆంజినప్ప పంతొమ్మిదేళ్ళు కోలారు బంగారు గనిలోకి దిగిన మనిషి. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని డాక్టరు చెప్పాక పైకి తెచ్చి, బంగారు రాయి నూరే మిల్లులో వేశారు. షిఫ్టు దిగి వచ్చి, చేతులు కడుక్కుని, గని కూలీల లైను ఇంటి గడపలో వెలుతురు చూసుకుని కూర్చునేవాడు. ఇత్తడి తీగ, గాజుపూసలు, మెరుపు రేకు, చిన్న పట్టకారు. వాటితో గోరంత వడ్డాణం చేసేవాడు. మిరియపు గింజంత జడబిళ్ళలు ఇరవై ఒకటి వరసగా కట్టేవాడు. దగ్గు వస్తే పట్టకారు కింద పెట్టి, పక్కకు తిరిగి దగ్గి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ తీసుకునేవాడు. ఆ బరువైన చేతులకు అంత చిన్న పని ఎలా వచ్చిందో అక్కయమ్మకు ఇన్నేళ్ళయినా అంతు చిక్కలేదు.

ఈసారి తొమ్మిది బొమ్మలు. మైసూరు దసరా ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి తొమ్మిది సీమల పెళ్ళికూతుళ్ళు కావాలంది బెంగుళూరు ఆవిడ. ఎనిమిదింటికి ఫోటోలు పంపింది. తొమ్మిదోదాన్ని మీ ఊరి పెళ్ళికూతురిలా మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యండని రాసింది. అక్కయమ్మకు సంతోషం కలగాల్సిన మాటే అది. కానీ అప్పటికే ఆమెకు ఒళ్ళు సహకరించడం లేదు. పొద్దున కొళాయి దగ్గర వరస, తరవాత వంట, మొగుడికి కషాయం, ఆపైన సూది. ఎర్ర రవికకు ఆవగింజంత బొత్తాలు కుడుతుంటే ఒక్కోటి రెండేసిగా కనబడేవి. ఈ తొమ్మిదీ పంపేసి ఇంక మానేస్తానని రోజూ అనుకునేది.

తొమ్మిదోదానికి ముక్కు దగ్గర తంటా వచ్చింది. ఆ బొమ్మ ముక్కుకు పెట్టిన చిల్లు బట్టీలో కాలేటప్పుడు ముడుచుకుపోయింది. ఇత్తడి తీగ దూరలేదు. అరగదీస్తే తెగింది. మూడు రోజులు ఆంజినప్ప దానితోనే కుస్తీ పట్టాడు. నాలుగో రోజు అక్కయమ్మ కొళాయి నుంచి వచ్చి చూస్తే బొమ్మ ముక్కున వడ్లగింజలో సగమంత బులాకి వేలాడుతోంది. దాని నుంచి చెవి దాకా వెంట్రుకంత గొలుసు.

“ఇత్తడి ఇంత సన్నంగా ఎట్ల సాగిందప్పా?” అంది ఆమె.

“సాగింది పో,” అన్నాడు ఆంజినప్ప, ఆమె వైపు చూడకుండా.

ఇంకా అడగడానికి ఆమెకు ఓపిక లేకపోయింది.

ఆ వారమే, బొమ్మల్ని పెట్టెలో సర్దే ముందురోజు మధ్యాహ్నం, గని కావలి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు కృష్ణప్ప ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నెరిసిన మీసాల మనిషి. గడప బయటే బూట్లు విప్పాడు.

“ఎవురో అర్జీ రాసినారమ్మా. మిల్లులో పని చేసే మనిషి ఇంట్లో కూర్చోని బంగారు నగలు చేస్తా ఉండాడని. కాగితం వచ్చినాక చూడకుండా ఉండేదానికి లేదు.”

“బొమ్మలకు చేసేటివి సార్. అంతా ఇత్తడే.”

“నాకు తెలస్తా ఉండాది. అయినా పరీక్షకు పంపించల్ల.”

ఒకతను బొమ్మ మీద చెయ్యి వెయ్యబోయాడు. అక్కయమ్మ అడ్డం కూర్చుంది. “మీరు పట్టుకుంటే వేళ్ళు విరుగుతాయప్పా. నేనే తీసిస్తాను. రవంతసేపు ఆగండి,” అంది.

రవంతసేపు కాదు, రెండు గంటలు పట్టింది. జడబిళ్ళలు తియ్యాలంటే జడ విప్పాలి. వంకీ తియ్యాలంటే రవిక చేతి కుట్టు విప్పాలి. ఒక్కొక్క పెళ్ళికూతురిని ఒళ్ళో పడుకోబెట్టుకుని నగలు ఒలిచింది. కృష్ణప్ప తలుపు దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఏ బొమ్మ నగలు ఆ బొమ్మ పేరిట తొమ్మిది పొట్లాలు కట్టి ఇచ్చింది. వాళ్ళు వెళ్ళాక నగల్లేని బొమ్మలు గోడ వారగా వరసగా కూర్చున్నాయి. చూడలేక వాటి మీద దుప్పటి కప్పింది.

నాలుగు రోజుల తరవాత ఎనిమిది పొట్లాలు తిరిగి వచ్చాయి. పరీక్ష చేసిన చోటల్లా యాసిడ్ పడి ఇత్తడి నల్లబడింది. తొమ్మిదోది రాలేదు. దాని బదులు ఒక కాగితం వచ్చింది. ఆంజినప్ప విచారణ అయ్యేదాకా మిల్లుకు రాకూడదు.

కాగితం పట్టుకుని ఆంజినప్ప గడపలో కూలబడ్డాడు. అక్కయమ్మ అతని ముందు కూర్చుంది.

“నిజం చెప్పు. ఆ బులాకి దేనితో చేసినావు?”

“బంగారే.”

“మిల్లుదా?”

అతను తలెత్తి చూసిన చూపుకు ఆ మాట అన్నందుకు ఆమెకు నాలుక కొరుక్కోవాలనిపించింది.

“పంతొమ్మిదేండ్లు రాయి కొట్టినాను, ఏడేండ్లు మిల్లులో ఉండాను. గోరు సందులో దుమ్ము గూడా ఇంటికి తేలేదు నేను,” అన్నాడు. దగ్గు తెర వచ్చి ఆగిపోయాడు. తగ్గాక మెల్లిగా చెప్పాడు. “మా అమ్మ చెవిపోగు అది. ఇత్తడి తెగిపోతా ఉండె. బంగారమైతే వెంట్రుక మాదిరి సాగుతుంది. ఆ పోగు అగ్గిపెట్టెలో ఊరికే పడి ఉండె కదా. ఒకటే పోగు, ఎవురు పెట్టుకుంటారు? కరిగించి తీగ లాగినాను. అంతా అయిపాయ. నీకు చెప్తే తిడతావని చెప్పలే.”

అక్కయమ్మ తిట్టలేదు. తిట్టడానికి కూడా బలం కావాలి. “దీని జత మారమ్మ వదిన దగ్గరే కదా ఉండేది?” అంది.

ఆంజినప్ప కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మారమ్మ ఆంజినప్పకు అక్క. బూదికోటలో పట్టుపురుగులు పెంచుతుంది. తల్లి ఆమె ఇంట్లోనే పోయింది. కబురు తెచ్చిన మనిషి గని పైనే ఆగిపోయాడు. షిఫ్టు ముగిసి ఆంజినప్ప పైకి వచ్చి, బస్సు పట్టుకుని వెళ్ళేసరికి మట్టి చేసేశారు. మారమ్మ వీధిలోనే నిలేసి, తల్లి చెవిపోగుల్లో ఒకటి అతని మీదికి విసిరింది. “నీ వంతు తీసుకోని పో,” అంది. పన్నెండేళ్ళయింది. ఆ తరవాత రాకపోకల్లేవు.

మర్నాడు అక్కయమ్మ ఒక్కతే బస్సెక్కింది. కిటికీకి తల ఆనించి దారిపొడుగునా కునుకుతూనే ఉంది. బంగారుపేటలో దిగి మరో బస్సెక్కాలి, అక్కడ కండక్టరు లేపాల్సి వచ్చింది.

మారమ్మ ఇంట్లో అడుగు పెట్టగానే చిరుజల్లు పడుతున్నట్టు చప్పుడు. తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు కొరుకుతున్నాయి. మారమ్మ ఆకు చల్లుతూ వెనక్కి తిరిగింది. ఆమె ఎడమ చెవికి బంగారు పోగు ఉంది, కుడి చెవికి అదే మాదిరి గిల్టుది. మరదల్ని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

“ఏం, వాడు పోయినాడా?” అంది.

“లేదు వదినా. బతికే ఉండాడు. కష్టంలో ఉండాడు.”

అక్కయమ్మ జరిగిందంతా చెప్పింది. మారమ్మ ఆకు చల్లడం ఆపకుండానే విన్నది. చివరి తట్ట దగ్గర చెయ్యి ఆగింది.

“అమ్మ పోగును బొమ్మకు పెట్టినాడా?”

“పెట్టినాడు.”

“ఆడుకునే బొమ్మకా?”

“ఆడుకునేది కాదు వదినా. పెండ్లికూతురు బొమ్మ. మన పక్క పెండ్లికూతురు. దానికి ముక్కు చిల్లు సన్నమైపోయింది. ఇంకేదీ పట్టలే.” ఏ మాట చెబితే వదిన మనసు కరుగుతుందో ఆలోచించే శక్తి లేక ఉన్నది ఉన్నట్టే చెప్పేసింది. “నీ పోగు ఒక పూట ఇస్తే చూపించి తెచ్చిస్తాను. లేదంటే ఆయన పని పోతుంది. దొంగ అనే పేరుతో పోతుంది.”

మారమ్మ చేతిలోని ఆకు తట్టలో వేసేసింది. ఒకసారి చెవి మీద చెయ్యి వేసుకుంది. పోగును తిప్పి చూసింది, అది కదల్లేదు.

“ఇది ఊడిరాదు. పన్నెండేండ్లుగా తియ్యలే. పురుగులు నాలుగోసారి పొర విడిచి జ్వరం లేచినాయి, ఇప్పుడు గంట ఆలస్యమైతే ఆకలికి చస్తాయి,” అంది. అని, గోడ అవతలి పొరుగామెను పిలిచింది. “పిల్లమ్మా, నేనొచ్చేదాకా నా పురుగులకు ఆకెయ్యి. నేను కోలారు ఫీల్డుకు పోయొస్తాను.” తరవాత అక్కయమ్మతో అంది: “చెవితో పాటే వస్తాను పద. మా అమ్మ సొమ్ముకు దొంగసొత్తని పేరు రాకూడదు. వాడి కోసం కాదు.”

మరునాడు పొద్దున ముగ్గురూ కావలి ఆఫీసులో బల్ల ముందు నిలబడ్డారు. అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక్క మాట కూడా నడవలేదు. ఆంజినప్ప మాత్రం గోడ పట్టుకుని రెండుసార్లు దగ్గాడు. రెండోసారి మారమ్మ తల తిప్పి చూసింది.

బంగారం పరీక్ష చేసే ఆయన నల్లటి గీటురాయి తెచ్చాడు. పొట్లంలోని బులాకిని రాయి మీద ఒక గీత గీశాడు. మారమ్మ తల వంచి చెవి చాపింది. ఆయన రాయినే ఆమె చెవి దగ్గరికి తెచ్చి, నొప్పి పుట్టకుండా పోగును రాసి, మొదటి గీత పక్కనే రెండో గీత గీశాడు. మూడోది తన దగ్గరున్న గని బంగారంతో గీశాడు. యాసిడ్ చుక్కలు వేసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు.

“ఈ రెండూ ఒకటే సార్,” అన్నాడు కృష్ణప్పతో. “రాగి కలిసిన ఊరి బంగారం. ఎరుపు తిరిగింది చూడండి. మనది ఇట్లుండదు.”

కృష్ణప్ప వంగి మూడు గీతలూ చూశాడు. కాగితం తీసి రాసి, ఆంజినప్పతో సంతకం పెట్టించుకుని, తొమ్మిదో పొట్లం చేతికిచ్చాడు. “రేపటి షిఫ్టుకు పోవచ్చప్పా. మనసులో పెట్టుకోవద్దు,” అన్నాడు. ఆంజినప్ప తలూపాడు. అర్జీ రాసినదెవరో కృష్ణప్ప చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

రాత్రి అదే ఇంట్లో పడుకున్నా మారమ్మ బొమ్మల గురించి అడగలేదు. ఆఫీసు నుంచి తిరిగి వచ్చి లోపల అడుగు పెట్టాక, “యాడ ఆ బొమ్మ?” అంది.

అక్కయమ్మ దుప్పటి తీసింది. ఆంజినప్ప తొమ్మిదోదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, బులాకి ముక్కుకు తగిలించి గొలుసు చెవికి ఆనించాడు. మారమ్మ కళ్ళు చికిలించి, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. చీర కుచ్చిళ్ళను చిటికెనవేలితో ముట్టుకుంది.

“ఇది నువ్వు కట్టిందా?” అంది మరదలితో.

“అవును వదినా.”

“కండ్లు ఏం కావల్ల?” అంది. తరవాత తమ్ముడి వైపు చూడకుండానే అడిగింది. “ఆ పొద్దు కబురు నీకు ఎప్పుడు చెప్పినార్రా?”

“పైకొచ్చినాక, అక్కా. సాయంత్రం నాలుగుకు. ఎండ చూసేదానికి ముందే చెప్పినారు.”

“పొద్దున తొమ్మిదికే పంపించినాను నేను.”

“లోపలికి ఎవురూ దిగి చెప్పలే అక్కా.”

మారమ్మ బొమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. “బులాకి తియ్యొద్దు. మైసూరుకు పోనీ. అమ్మ యాడికీ పోలేదు బతికినన్నాళ్ళు,” అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని వంటింటి వైపు వెళ్ళింది.

మిగతా ఎనిమిది బొమ్మల నగలు మళ్ళీ చేసే వ్యవధి లేదు. ఆంజినప్ప చింతపండుతో తోమి చూశాడు గానీ కొన్ని మచ్చలు పోలేదు. మచ్చ ఉన్న పక్కను లోపలికి తిప్పి కట్టారు. బెంగుళూరు ఆవిడకు ఉత్తరం రాస్తూ అక్కయమ్మ జరిగినదంతా రెండు వాక్యాల్లో చెప్పి, కింద మరో మాట చేర్చింది. ఉగాది దాకా తలలు పంపవద్దని, ఆ తరవాతైనా ఏడాదికి మూడే చేస్తానని. రాసిన మాట తిరిగి చదువుకుంటే ఎవరో వేరే మనిషి రాసినట్టు ఉంది, కానీ కొట్టెయ్యలేదు.

పెట్టెకు మేకులు కొట్టేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మారమ్మ సాయంత్రం బస్సుకు వెళ్తానంటూనే పొయ్యి ముట్టించి రాగిసంకటి కెలుకుతోంది. బయట అరుగు మీద ఆంజినప్ప పులుసులోకి చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. పొయ్యి దగ్గరి నుంచి అక్క ఏదో అడుగుతోంది, అతను బయటి నుంచే జవాబు చెబుతున్నాడు. ఎవరి ఇంటి పక్క చింతచెట్టు కొట్టేశారో, ఎవరికి చూపు పోయిందో, అవే మాటలు. అక్కయమ్మ ఒక చెయ్యి వేద్దామని లేవబోయింది.

“కూర్చో. నువ్వు లేచి చేసేదేమీ లేదు ఈడ,” అంది మారమ్మ.

అక్కయమ్మ కూర్చోలేదు, చాప పరిచి పడుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో పగటిపూట ఆమె చాప పరిచింది లేదు. సంకటి ఉడికి, చల్లారిపోయి, రెండోసారి పిలిచినా లేవలేదు. మూడోసారి పిలవబోతే ఆంజినప్ప వద్దని చెయ్యి ఊపాడు. మారమ్మ సాయంత్రం బస్సు వదిలేసి, పొద్దున బస్సుకు పోయింది.