తోడేలు వేదాంతం

చాపాడు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే ఎర్రన్నను పంచాయతీ ఎన్నికలైన తొమ్మిదో రోజున నరికి చంపారు. ఆయన చేసిన నేరమల్లా ఒక వర్గం పెద్ద మౌళీశ్వరరెడ్డి అడిగితే కాదనలేక ఆయన తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చోవడమే. నరికిన ఐదుగురూ ఎదుటి వర్గం పెద్ద బయపురెడ్డి మనుషులు. పట్టపగలు. పక్క చేలో మిరపకాయలు కోస్తున్న ఎర్రన్న పెళ్లాం చిన్నసుబ్బమ్మా, ఆమెతో పాటే కూలికి వచ్చిన బీబీజానూ కళ్లారా చూశారు.

“ఒక్కొక్కన్ని జైల్లో ఏపిస్తా సుబ్బమ్మా” అని శవం ముందర మౌళీశ్వరరెడ్డి ప్రమాణం చేశాడు.

మూడేళ్లు తిరగకముందే రెడ్లిద్దరూ ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. బయపురెడ్డికి అసెంబ్లీ టికెట్, మౌళీశ్వరరెడ్డికి ఇంకేదో పదవి. విచారణకు రాబోతున్న ఎర్రన్న కేసొక్కటే అడ్డం. అందుకని ప్రొద్దుటూరు కల్యాణమండపంలో శాంతిసభ పెట్టారు. జమ్మలమడుగు నుంచి, సింహాద్రిపురం నుంచి ముఠా కక్షల్లో మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లను జీపుల్లో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. వాళ్ల మధ్యే చిన్నసుబ్బమ్మ, వెనక వరసలో బీబీజాన్. ముందు వరసలో ఒక్కొక్కరి ఒళ్లో ఒక కొత్త చీర.

వేదిక మీద రెడ్లిద్దరి మధ్య ఒక స్వామి కూర్చున్నాడు. గొంతు తియ్యగా ఉంది. “చంపేవాడు లేడు, చచ్చేవాడు లేడు. అంతా పూర్వజన్మ కర్మ. మనిషి నిమిత్తమాత్రుడు. పగ వదలండి, సాక్ష్యాలు వదలండి” అన్నాడు.

చిన్నసుబ్బమ్మ ఒళ్లోని చీర కుర్చీలో పడేసి లేచింది.

“సామీ, ఒక మాట. మా మొగుడు సచ్చింది పోయిన జల్మలో చేసిన పాపానికా?”

“అవును తల్లీ.”

“మరి నరికినోళ్ల పాపం?”

“వచ్చే జన్మలో అనుభవిస్తారు.”

“అదేం న్యాయం సామీ? సచ్చినోడు యా జల్మలోనో చేసిన తప్పుకు ఈడ్నే లెక్క తేలాల. సంపినోనికి మాత్రం వచ్చే జల్మ దాకా గడువా?”

మౌళీశ్వరరెడ్డి మైకు లాక్కున్నాడు. “సుబ్బమ్మా, కూకో. పెద్దోళ్ల ముందర ఏంది ఆ మాటలు?”

“కూకోను రెడ్డెప్పా. మా మామ ఓబులయ్య గొర్రెల కాడ ఒక కత చెబుతాన్న్యాడు. తోడేలొకటి గొర్రెపిల్లను నోట కరుచుకోని దొరికిపోయిందంట. ‘నాదేముంది, దీని నుదుట అట్ల రాసిపెట్టిండాది’ అనిందంట. గొర్రెలోడు దుడ్డుకర్ర ఎత్తి, ‘ఓహో, ఈ దెబ్బ గూడా నీ నుదుట రాసిండాదేమో సూద్దాం’ అన్న్యాడంట. కర్మ అంటే చేసిన పని అని సదువురాని మా మామకే తెల్సు. మీకు తెల్దా సామీ?”

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వి, చప్పున నోరు మూసుకున్నారు. స్వామి కళ్లు మూసుకున్నాడు. బయపురెడ్డి మాత్రం కదలకుండా ఆమెనే చూస్తున్నాడు.

చిన్నసుబ్బమ్మ బయటికి నడవడం మొదలుపెట్టింది. వాకిలి దాటేసరికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. బీబీజాన్.

“నువ్వెందుకొస్తాండావు బీబీ? నీకు పిల్లోళ్లుండారు.”

“నేను సూడలేదా ఏంది సుబ్బక్కా? సూసింది సూడలేదంటే రేపు అల్లాకు యా మొగం సూపిచ్చాల?”

ఆ మర్నాటి నుంచి ఊరి చేలల్లోకి చిన్నసుబ్బమ్మ గొర్రెలను రానివ్వలేదు. బీబీజాన్‌ను ఎవరూ కూలికి పిలవలేదు. ఇద్దరూ గొర్రెలను ఎక్కడో దూరాన ఉన్న చిలమకూరు దాకా తోలుకుపోయి మేపుకొచ్చారు. కోర్టులో, ఆ రోజు చుట్టుపక్కల చేలల్లో ఉన్న మిగతా సాక్షులు నలుగురూ ‘మాకేమీ తెలియదు’ అన్నారు. వీళ్లిద్దరూ చూసింది చూసినట్టు చెప్పారు. ఎదుటి వకీలు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా మాట మారలేదు.

ఐదుగురిలో ఇద్దరికి యావజ్జీవం పడింది. బయపురెడ్డి పేరు ఏ కాగితంలోనూ లేదు. అప్పటికే ఆయన ఎమ్మెల్యే.

“ఈ మాత్రం రావడమే గొప్ప. తృప్తి పడమ్మా” అన్నాడు ప్రభుత్వ వకీలు.

“యాడిది సారూ తృప్తి? కొడవళ్లకు శిక్ష పడింది. వాటిని పట్టుకున్న చెయ్యి మొన్న మా వీధిలోనే దండం పెట్టుకుంటా పోయింది.”

పైకోర్టుకు పోవాలంటే ఏ కాగితాలు కావాలో చిన్నసుబ్బమ్మ అడిగింది. వకీలు చెబుతుంటే, చదువు వచ్చిన బీబీజాన్ ఒక్కొక్కటే రాసుకుంది.