గట్టు దాకా

జంపక్క వంగి రెండు చేతులతో మిరపకాయలు తెంపుతోంది. నడుముకు కట్టుకున్న పాతచీర ఒడి నిండగానే పోయి గట్టున పరిచిన పట్టా మీద కుమ్మరించి, మళ్ళీ సాలులోకి వస్తోంది. కారం ఎక్కి వేళ్ళు మండుతున్నాయి. కడుపులో నొప్పి ముందు ఆ మంట ఏపాటిది?

పక్క సాలులోంచి తోటికోడలు సోమక్క తల తిప్పి చూసింది.

"ఏందే, మొఖం గట్ల తెల్లగయింది?"

"ఏం లేదక్కా. నడుం గుంజుతాంది."

చిన్నబిడ్డ పుట్టినప్పుడు నెత్తురు ఆగక జంపక్క చావు అంచుదాకా పోయి వచ్చింది. ఇంకో కాన్పును నీ ఒళ్ళు తట్టుకోదని మండల దవాఖానా నర్సమ్మ అప్పుడే చెప్పింది. ఈసారి నెల తప్పగానే ఆ నర్సమ్మ దగ్గరికే పరుగెత్తింది.

"ఇక్కడ కడుపు తీసేది బంద్ పెట్టిండ్రమ్మా. పైనుంచి దానికి పైసలిస్తలేరు, మందులొస్తలేవు. ఖమ్మం పో" అంది నర్సమ్మ, ఆమె కళ్ళలోకి చూడకుండా.

పోయింది. అడవి దాటి, బస్సులు మారి. పరీక్షలు చేసి, మళ్ళీ వారం రమ్మన్నారు. ఆ వారానికి కూలికి పోయే చేలో కాయ ఎర్రబడింది, మొగుడు పగిడయ్యకు జ్వరం తగిలింది. కదలలేకపోయింది. నాలుగో నెల దాటాక, ఊళ్ళో మందులమ్మే ఆయన పొట్లం కట్టి ఇచ్చిన మాత్రలు నిన్న మింగింది.

మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పారు. జంపక్క నీళ్ళు మాత్రం తాగింది. లేవబోతే కాళ్ళ వెంట వెచ్చగా జారింది. కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని మళ్ళీ వంగింది. సాలు చివర గట్టు కనబడుతోంది. అక్కడిదాకా పోతే కాసేపు కూర్చోవచ్చు అనుకుంది.

గట్టు చేరకముందే కూలబడింది. సోమక్క ఉరికివచ్చి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. చీర తడిసి మట్టికి అంటుకుపోయింది.

"ఏం మింగినవే? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పని ఇడిసి నా ఎంట వస్తవు గదక్కా. నీ కూలి గూడ పోతది."

ట్రాలీ ఆటోలోంచి మిరప బస్తాలు దించి ఆమెను పడుకోబెట్టారు. చండ్రుగొండ రోడ్డెక్కేదాకా జంపక్క వేళ్ళు సోమక్క చేతిని గట్టిగా పట్టుకున్నాయి. ఆ తర్వాత పట్టుకున్నది సోమక్క ఒక్కతే.

ఇంటి ముందు చాప మీద, పొద్దున్నే జంపక్క ఏరుకొచ్చి ఆరబోసిన ఇప్పపూలు పొద్దుగూకినా ఎత్తేవాళ్ళు లేక అలాగే ఉన్నాయి.