ఔట్ లేని పిల్ల

ఈ దిండు గలేబుకి స్కెచ్ పెన్ను మరక ఎంత రుద్దినా పోలేదు, ఆరితే పోతుందేమో, మూడో అంతస్తు బాల్కనీలో దీన్ని తీగ మీద వేస్తూ కిందికి చూడకూడదనుకుంటాను, చూస్తాను, కింద సిమెంటు నేల మీద పిల్లలు ముట్టుకునే ఆట ఆడుతున్నారు, మా బుజ్జమ్మ కూడా ఉంది, ఉంది అంటే ఉంది, పదేళ్ళ పిల్ల, అందరూ కుడికి పరిగెడితే ఇది ఎడమకి పరిగెడుతుంది, ఆయాసపడుతుంది, నవ్వుతుంది, దొంగ దీని పక్క నుంచే దూసుకుపోతాడు కానీ ముట్టుకోడు, ఆటలో అరటిపండు కదా, దీనికి ఔట్ లేదు, దొంగ కావటమూ లేదు.

ఆ పద్ధతి పెట్టించింది నేనే, రెండేళ్ళ కిందట మొదటిసారి ఔటయినప్పుడు ఏం జరిగిందో అర్థం కాక ముట్టుకున్న పిల్లాడి చెయ్యి కొరికేసింది, వాళ్ళమ్మ మెట్లెక్కి వచ్చి మీ పిల్లని ఇంట్లోనే ఉంచుకోండి అంది, తప్పేముంది, కొడుకు చెయ్యి కమిలిపోయింది మరి, మర్నాడు బిస్కెట్ల పొట్లం పట్టుకుని దిగాను, మా నాన్నలు కదూ, దీన్ని ఆటలో అరటిపండుగా ఉంచుకోండర్రా, ముట్టుకోకండి, అంతే చాలు, సరే ఆంటీ అన్నారు నోటి నిండా బిస్కెట్లతో, గండం గట్టెక్కిందనుకున్నాను, బడిలో దీని టీచరమ్మ మాత్రం విని పెదవి విరిచింది, ఆటలోనే కదమ్మా అన్నీ వచ్చేది, వంతు కోసం ఆగటం, ఓడిపోవటం, అలిగి మళ్ళీ కలవటం, మీరు అవన్నీ తీసేసి ఉత్త పరుగు మిగిల్చారు, అంది, ఒళ్ళు మండింది నాకు, చెప్పేవాళ్ళకేం, ఎన్నయినా చెబుతారు, మెట్లెక్కి వచ్చేవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సింది నేను.

అదేమిటి, బుజ్జమ్మ పరుగు మానేసింది, దొంగకి ఎదురెళ్ళి చెయ్యి చాపింది, ముట్టుకోమని, వాడు పక్కకి తప్పుకున్నాడు, మళ్ళీ అడ్డం వెళ్ళి మళ్ళీ చాపింది, ఎన్నాళ్ళ నుంచి ఇలా చాపుతోందో, నేనెప్పుడు సరిగ్గా చూశాను గనక, వాడు వెళ్ళి రెండు జడల పిల్లని ముట్టుకున్నాడు, పోయిన వారమే కింది వాటాలో దిగారు వాళ్ళు, దానికేం తెలుసు, గిరుక్కున తిరిగి బుజ్జమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది, ఔట్, కొరికేస్తుంది, నా చెప్పులేవీ, అయ్యో, కానీ ఇది కొరకలేదు, ఏడవలేదు, వీపు తడుముకుంది, నేనూ ఔట్, నేనూ ఔట్, అంత గట్టిగా దీని గొంతు ఈ పదేళ్ళలో నేను వినలేదు, కొత్త దొంగ పది లెక్కపెట్టాలిగా, గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది, ఒకటి, రెండు, ఐదు.

అది ఔట్ కాదే, పిల్లలు రెండు జడల పిల్ల చుట్టూ మూగారు, మరెందుకు పరిగెడుతోంది, అంది ఆ పిల్ల, ఏమో, ముట్టుకోకూడదంతే, వాళ్ళమ్మ చెప్పింది, మళ్ళీ నువ్వే దొంగ, పద, అందరూ అవతలి మూలకి పరిగెత్తారు, నేను తడి గలేబు పట్టుకునే పిట్టగోడ మీదికి వంగి అరిచాను, ఆడనివ్వండర్రా, ముట్టుకోండి, ఫరవాలేదు, మూడో అంతస్తు నుంచి సగం మాటలే కిందికి చేరాయి, ఒక పిల్లాడు తలెత్తాడు, ఒకప్పుడు కొరికించుకున్నవాడే, మేం ముట్టుకోలేదాంటీ, జాగ్రత్తగానే చూసుకుంటున్నాం, అన్నాడు బుద్ధిగా, బుజ్జమ్మ ఇంకా గోడ దగ్గరే లెక్కపెడుతోంది, ఒకటి, రెండు, ఐదు, దీన్ని ఆట బయట నిలబెట్టింది వాళ్ళు కాదు, నేను.