ఉప్పుచేప పండుగ

గాలి.

మూడు రోజులుగా ఒకటే గాలి — ఉత్తరం నుంచి, గ్రీసులోని ఈ అమోర్గోస్ దీవి రేవు మీదికి. కళ్లలో ఉప్పు. పెదాల మీద ఉప్పు. ఓడలు కదలకూడదని రేవువాళ్లు ఆపేశారు.

కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రేవు చివరిదాకా... మళ్లీ జాంబెతా అనే ఆవిడ నడిపే హోటల్ దాకా.

దీవి దీవికీ వెళ్లి హోటళ్ల ఫ్రిజ్‌లు బాగుచేయడం నా పని. పధ్నాలుగో ఏట మాంసం మానేశాను. చేపలు తింటాను. నాకేం తక్కువైంది? సిఫ్నోస్‌లో మట్టికుండలో మగ్గిన శనగలు. లెస్వోస్‌లో ఉప్పులో ఊరిన కవళ్ల చేపలు. ఇక్కడ నిప్పుల మీద కాల్చిన ఆక్టోపస్, పైన నిమ్మరసం. తింటుంటే ఒళ్లు మరిచిపోతాను. ఒక్కచోట మాత్రం చిక్కుడు గింజల కూరలో పంది ముక్క తేలింది. అది మాంసం కాదమ్మా, వాసనకి వేశాం అన్నాడు హోటలాయన.

మా నాన్న సముద్రం అవతల, మా ఊరు కర్దిత్సాలో మాంసం కొట్టు నడుపుతాడు. ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి. నేను మానేసిన రోజున ఒకే మాటన్నాడు.

"నిన్ను పెంచిన కత్తి నీకు చేదైందా?"

పదిహేడేళ్లయింది. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

అప్పట్నుంచి ఇద్దరం ఒకే కూర తినేది ఏడాదికి ఒక్కసారి. మార్చి ఇరవై ఐదు. దేవదూత మరియమ్మకి శుభవార్త చెప్పిన పండుగ. ఈస్టర్ ముందు ఉపవాసాల నడుమ, చేప తినొచ్చని చర్చి ఒప్పుకునే రోజు. నాన్న కొట్టు మూస్తాడు. తనే ఉప్పుచేప వేయిస్తాడు, తనే వెల్లుల్లి నూరతాడు. మాట్లాడుకోం. తింటాం — ఆయన ముళ్లు ఏరి నా పళ్లెంలో వేస్తాడు.

ఆ రోజు ఈరోజే.

జాంబెతా వేడివేడి ఉప్పుచేప వేపుడు తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను తల్లీ. నువ్వు గుడ్లురిమి చూస్తే గాలేం భయపడదు."

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఎంత బాగుందో... అందుకే ఏడుపొచ్చింది.

ఫోన్ చేశాను. ఓడ లేదు నాన్నా అన్నాను.

అటునుంచి కుళాయి చప్పుడు. చేపలోని ఉప్పు పోవడానికి నీళ్లు మారుస్తున్నాడట. మొన్నట్నుంచీ మారుస్తూనే ఉన్నాడట.

రేపట్నుంచి మళ్లీ చేప కూడదు కదా, నువ్వు తినేయమన్నాను.

"నువ్వొచ్చేదాకా వేయించను" అన్నాడు. "దేవుడికి నేను చెప్పుకుంటాలే."

నాన్న ఉపవాసం తప్పడం నా జన్మలో చూడలేదు.

"మరీ నానితే చప్పబడిపోతుంది" అన్నాడు. "అయినా తిందాం."

మళ్లీ కుళాయి విప్పాడు.

నేను రేవు చివరిదాకా నడిచాను. ఓడలు కట్టిన తాళ్లు బిగిసి మూలుగుతున్నాయి. గాలి ఇంకా ఉత్తరం నుంచే వీస్తోంది.