డ్రైవరు కుటుంబానికి ఉచితం

ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగేస్తారని జనం నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆదివారం పూట డ్రైవరు పెళ్ళాం పిల్లలు అతను నడిపే బస్సులో టికెట్ లేకుండా తిరగొచ్చని వాళ్ళ డిపోలో ఒక రూలుంది. అతను నడిపే బస్సులో మాత్రమే. వెనకాల వచ్చే బస్సెక్కితే అందరిలాగే టికెట్ తీసుకోవాలి. మా చిన్నవాడు పుట్టిన కొత్తలో ఆ రూలు విని నేను మురిసిపోయాను. ఇప్పుడు ఆ రూలు పెట్టిన మనిషి ఎదురుపడితే కడిగి పారేస్తాను.

ఆ మహానుభావుడి పుణ్యమా అని మా పిల్లల షికార్లన్నీ ఒకే రూటు మీద జరిగిపోయాయి. అదృష్టమో దురదృష్టమో, ఆ రూటులో పైసా ఖర్చు లేకుండా చూడగలిగినవి బోలెడు. మ్యూజియం ఉంది, ఆదివారాలు అక్కడ టికెట్ లేదు. నది ఒడ్డున మెట్లున్నాయి. ఊరు మొత్తానికీ పెద్ద పార్కు ఉంది. ఆయన మమ్మల్ని స్టాపులో దింపి, "జాగ్రత్త, తిరుగు ట్రిప్పులో ఎక్కించుకుంటా" అని తలుపు మూసుకుని వెళ్ళిపోతాడు. మేము ముగ్గురం డైనోసార్ ఎముకలు చూస్తాం, మెట్ల మీద కూర్చుని పడవలు చూస్తాం. మళ్ళీ ఆయన బస్సెక్కి, డ్రైవరు వెనక సీటులో కూర్చుని, చూసినవన్నీ ఆయన వీపుకి చెప్పుకుంటాం. ఆయన ఊ కొడతాడు. నవ్వుతున్నాడో లేదో మెడ మీద మడతలు చూసి మేమే అనుకోవాలి.

ఇలా ఆరేళ్ళు. మా ఆయన ఒక్కసారి కూడా మాతో దిగలేదు.

అడిగితే కారణాలకేం కొదవ. పండగ రద్దీ, మనుషులు తక్కువ, పై అధికారి తనిఖీ. సరే ఉద్యోగం కదా అని నేనూ సర్దుకున్నాను. నేను పనిచేసేదీ హోటల్లో. దుప్పట్లు, దిండు గలీబులు ఇస్త్రీ చేసే సెక్షను. నాకు ఆదివారం సెలవు దొరకడమంటే మా సూపర్‌వైజర్ కాళ్ళా వేళ్ళా పడాలి. కానీ ఈ ఆదివారం సంగతి వేరు. మా పెద్దది స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులోకి వచ్చింది. వచ్చే వారం నుంచి ప్రతి ఆదివారం ప్రాక్టీసట. "అమ్మా, ఇక షికార్లకి నేను రాను, ఇదే ఆఖరు" అని ముందే చెప్పేసింది. పదమూడేళ్ళ పిల్ల ఆఖరంటే ఆఖరే. నలుగురం కలిసి ఒక్కచోట కాలు పెట్టే రోజు ఏదైనా ఉంటే అది ఈ ఆదివారమే.

ఇక చిన్నవాడు. ఊయల్లో ఉన్నప్పుడే వీధి చివరికి వినపడేలా ఏడ్చేవాడని వాళ్ళ నాన్న వాడికి హారన్ అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడింది. పార్కులో చెట్ల మధ్య కొత్తగా తాళ్ళ వంతెన కట్టారు. వాడి ఈడు పిల్లలు పెద్దవాళ్ళు తోడుంటేనే ఎక్కాలి. నాకేమో స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. "నాన్నతో ఎక్కుతా" అని వాడు వేసవి మొదలైనప్పటి నుంచీ జపం చేస్తున్నాడు. ఆయన సెలవు పెట్టానన్నాడు. సెలవు దొరికిందన్నాడు. వాడు రాత్రి బూట్లు వేసుకునే పడుకున్నాడు.

పొద్దున నేను డబ్బాలు సర్దుతుంటే ఆయన గదిలోంచి యూనిఫాం వేసుకుని వచ్చాడు. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమిటిది?" అన్నాను.

"ఒక్క ట్రిప్పే. నా బదులు రావాల్సినవాడికి ఒంట్లో బాగా లేదట. టెర్మినస్ దాకా వెళ్ళి వెనక్కొచ్చేసరికి పార్కు స్టాపులో ఇంకో డ్రైవరు ఉంటాడు. బండి అతనికిచ్చేసి మీతో దిగిపోతా."

"దిగుతారా?"

"దిగుతానన్నాగా."

"ఆ మాట నాతో కాదు, వాడితో చెప్పండి."

ఆయన వంగి హారన్ బూటు లేసు బిగించి, "దిగుతా నాన్నా" అన్నాడు. వాడు నమ్మాడు. పెద్దది నమ్మలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ సంచీ భుజానికి తగిలించుకుంది.

బస్సులో మా ఆయన్ని చూడాలి మీరు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అదే. ఎవరో ముసలాయన చేతికర్ర ఊపుకుంటూ వస్తుంటే ఆయన ఎక్కేదాకా ఆగాడు. చంటిపిల్లతో నిలబడ్డ అమ్మాయికి మైకులో చెప్పి సీటు ఇప్పించాడు. దిగేవాళ్ళు దిగుతూ చల్లగా ఉండు బాబూ అన్నారు. చల్లగానే ఉన్నాడు, మండేది నాకు. అంతమంది మీద అంత జాలి ఉన్నవాడికి వెనక సీటులో బూట్ల కాళ్ళాడిస్తున్న ఒక్క కుర్రవాడు కనపడడా అని లోపల్లోపల ఉడికిపోయాను.

పార్కు స్టాపు వచ్చింది. అది టెర్మినస్ వైపు వెళ్ళే ట్రిప్పు, దిగాల్సింది వచ్చేటప్పుడు. స్టాపు పక్కనే డ్రైవర్లు మారే చిన్న క్యాబిన్ ఉంది. అందులో మీసాలాయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మా ఇంటికి రెండు మూడుసార్లు వచ్చిన మనిషే. గుమ్మంలోకి మనిషికంటే ముందు మీసం వస్తుందని మా పిల్లల నవ్వు. బస్సు చూసి చెయ్యి ఊపాడు. ఓహో, బండి తీసుకునేది ఇతనే కాబోలు అనుకున్నాను. నా మనసు కాస్త కుదుటపడింది. పొద్దున్నే అన్ని మాటలు అన్నందుకు సిగ్గు కూడా వేసింది. అలా సిగ్గుపడ్డందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

టెర్మినస్‌లో జనమంతా దిగిపోయారు. ఆయన టైర్లు చూసుకోవడానికి కిందికి దిగాడు. కండక్టరు టికెట్ మిషను ఒళ్ళో పెట్టుకుని మా ముందు సీటులో కూలబడ్డాడు. మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఒంట్లో బాగా లేనిది మీసాలాయనకేనా? పాపం, అయినా మా కోసం లేచి వచ్చినట్టున్నాడు" అన్నాను.

"ఆయనకేం వదినా, దుక్కలా ఉన్నాడు. ఈ బండి అసలు ఆయనదే ఇవాళ. అన్నకి సెలవు కదా. పొద్దున్నే అన్న ఫోన్ చేసి నేనే తీసుకుంటా అన్నాడు. సాయంత్రం దాకా అన్నే. మీసాలాయన్ని ఊరికే క్యాబిన్‌లో కూర్చోబెట్టారు, అవసరమైతే పనికొస్తాడని." అప్పుడు నా మొహం చూశాడు. "మీకు చెప్పలేదా?" అన్నాడు నెమ్మదిగా.

నేను బస్సు దిగాను. ఆయన వెనక టైరు దగ్గర వంగి ఉన్నాడు.

"సెలవు ఇచ్చారట."

ఆయన లేచి నిలబడలేదు.

"ఇచ్చిన సెలవు వద్దని తిప్పికొట్టావట. ఎవరికో ఒంట్లో బాగా లేదని పిల్లాడి మొహం మీద అబద్ధం చెప్పావు. పార్కు స్టాపులో ఏం చెబుదామనుకున్నావు? ఇంకో ట్రిప్పనా? ఆ తర్వాత ఇంకోటనా?"

పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయనకీ అది తగిలింది. చేతులు తుడిచిందే తుడుచుకున్నాడు.

"దిగితే నేనేం చేయాలో నాకు తెలీదు" అన్నాడు. "మీ ముగ్గురికీ అవన్నీ అలవాటు. ఏ మూల ఏముందో మీకు తెలుసు. నేనొస్తే చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ వంతెన మీద నాకు కాలు వణికితే వాడు చూడడూ? ఇక్కడైతే అద్దంలో మీరు ముగ్గురూ ఒకేచోట కనపడతారు. నాకదే షికారు. అది చాలు నాకు."

ఆ మాటకి నా కోపం కొంచెం కరిగింది. కరిగినందుకు రెట్టింపు మండింది. ఈయనకి చాలట. మాకు చాలిందా లేదా అని ఆరేళ్ళలో ఒక్కరోజు అడిగాడా? అదే అనబోతున్నాను. ఈలోగా నా వెనకనుంచి పెద్దదాని గొంతు వినపడింది. ఎప్పుడు దిగిందో, మెట్టు దగ్గర నిలబడి ఉంది.

"అద్దంలో మాకు నీ కళ్ళు మాత్రమే కనపడతాయి నాన్నా" అంది. అనేసి వెళ్ళి సీటులో కూర్చుంది.

 ఆయన డ్రైవరు సీటెక్కి బండి తీశాడు. దారిలో జనం ఎక్కారు, దిగారు. ఎవరికోసమూ మైకులో ఏమీ చెప్పలేదు. హారన్‌కి జరిగింది సగమే అర్థమైంది. "నాన్న దిగుతాడుగా?" అని వాళ్ళక్క చెవిలో అడిగాడు. అది నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను.

పార్కు స్టాపు వచ్చింది. తలుపు తెరుచుకుంది. దిగేవాళ్ళు దిగారు. ఆయన అలవాటుగా, వెనక్కి తిరగకుండానే, "జాగ్రత్త" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్ళు తెలియలేదు. లేచి వాళ్ళిద్దర్నీ రెక్క పట్టుకుని దింపేద్దామనుకున్నాను. ఇంటికి నడిచి పోదాం, ఈ జన్మలో ఈ బస్సు ఎక్కొద్దు అనుకున్నాను. కానీ హారన్ కదల్లేదు. ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

"నాన్న దిగితేనే దిగుతా" అన్నాడు.

"ముందు మీరు పదండి, నేను మళ్ళీ ట్రిప్పుకి..." అన్నాడు ఆయన.

"ఊహూ" అన్నాడు వాడు. పెద్దది కూడా సంచీ ఒళ్ళో పెట్టుకుని సర్దుకు కూర్చుంది. అప్పుడు నేనూ కూర్చున్నాను. ముగ్గురం ముగ్గురమే.

వెనక బస్సు మోత మొదలెట్టింది. మా బస్సులో జనానికి ఓపిక నశించింది. "ఏమయ్యా, ఇంటి పంచాయితీలు ఇంట్లో పెట్టుకోవాలి" అన్నాడు ఒకాయన. "పిల్లాడిని దించి పోనివ్వు బాబూ, పెళ్ళికెళ్ళాలి" అంది ఇంకొకావిడ. ఆమెకి నేను సమాధానం చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. మొత్తానికి ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. మా ఆయన స్టీరింగు మీద చేతులు తీయలేదు. ముందుకీ పోనివ్వలేడు, వెనక్కీ తిరగలేడు. అంత పెద్ద బండిని ఇరుకు సందుల్లో అలవోకగా తిప్పే మనిషి కుక్కిన పేనులా కూర్చున్నాడు.

కండక్టరే దిగాడు. తను చేసిన పనికి తనే విరుగుడు వెతుక్కున్నట్టు పరుగున క్యాబిన్‌కి వెళ్ళి మీసాలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. మీసాలాయన డ్రైవరు కిటికీ కింద నిలబడి తలుపు మీద తట్టాడు.

"దిగవయ్యా బాబూ. పొద్దున్నుంచి కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. నా బండి నాకివ్వు."

 ఆయన బెల్టు విప్పుకుని, నీళ్ళ సీసా తీసుకుని, అవతలి వైపు తలుపులోంచి దిగాడు. అప్పుడుగాని హారన్ కడ్డీ వదల్లేదు.

మేము ముగ్గురం ఇటు దిగాం. బస్సు కదిలి వెళ్ళిపోయింది. ఆయన రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నీళ్ళ సీసా ఏ చేత్తో పట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ మార్చుకున్నాడు. నా నోటి నిండా తిట్లున్నాయి. ఆరేళ్ళవి. దేంతో మొదలుపెట్టాలా అని చూస్తున్నాను.

ఆయన స్టాపు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఈ ఊళ్ళో ఏ సందులో దూరితే ఎక్కడ తేలతామో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. పార్కు, పార్కు దిగాలి అని రోజూ ఇక్కడ వందమందిని దింపే మనిషి.

"గేటు ఎటువైపు?" అన్నాడు.

 పెద్దది తల దించుకుంది. హారన్ ఒక్కడే ఏమీ ఆశ్చర్యపోలేదు. ఎవరో చుట్టానికి ఊరు చూపిస్తున్నంత మర్యాదగా ఆయన చూపుడువేలు పట్టుకున్నాడు.

"ఇక్కణ్ణించి కనపడదు నాన్నా. మొదటిసారి వచ్చినవాళ్ళు అందరూ ఇలాగే అడుగుతారు" అన్నాడు.