వంద గంటలు నానాలన్నాడు బావ

మా పనిలో తప్పు ఎప్పుడూ వైరుదే. శబ్దం సరిగా రాకపోతే ముందు వైరు మారుస్తాం, తర్వాత పిన్ను మారుస్తాం, అప్పటికీ రాకపోతే మిషన్ను తిడతాం. తన చెవిని తనే అనుమానించిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని నవ్వుతారు గానీ, మద్దెల నిజంగానే ఓడైన రోజులు కూడా ఉంటాయి కదా.

అందుకే ఆ సోమవారం పొద్దున ఎడమ ఇయర్‌ఫోన్లో మాటలు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తే వెంటనే బావను కేకేశాను. బావంటే మా అక్క మొగుడు. డబ్బింగ్ స్టూడియో ఆయనది. సీరియల్ మాటలూ, అడుగుల చప్పుళ్లూ, సంగీతమూ కలిపి సమం చేసే పని నాది. ఆ పని నేర్పిందీ ఆయనే. "వినడం వచ్చినవాడికి మాట్లాడటంతో పనిలేదు మరదలా" అనేవాడు, తను మాత్రం పొద్దస్తమానం మాట్లాడుతూ.

"పాతబడిపోయాయిలే" అని మధ్యాహ్నానికల్లా కొత్తవి తెచ్చిచ్చాడు. పెట్టుకున్నాను. ఎడమ పక్క అదే నీరసం.

"బావా, ఇవీ అలాగే ఉన్నాయి."

తీసుకుని తన చెవుల్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, నేను కలుపుతున్న సీనంతా విన్నాడు. తీసి నా చేతిలో పెట్టాడు.

"నిజమేనే, ఎడమ పక్క కాస్త తగ్గింది. కొత్తవి కదా, నానాలి. వంద గంటలు నానితే అవే గొంతు విప్పుతాయి."

కొత్త ఇయర్‌ఫోన్లలో ఏదో ఒకటి మోగిస్తూ వదిలేస్తే లోపలి పొర సడలి శబ్దం బాగుపడుతుందని మా వాళ్లలో సగంమంది నమ్ముతారు. దాన్ని వాళ్లు బర్న్-ఇన్ అంటారు, బావ నానబెట్టడం అంటాడు. మిగతా సగంమంది నవ్వుతారు. నేను నవ్వే సగంలోదాన్నే. ఇదే మాట దుకాణంవాడు చెప్పి ఉంటే అక్కడే కడిగేసేదాన్ని. కానీ బావ స్వయంగా పెట్టుకుని విన్నాడు. తగ్గిందన్నాడు. ఆయన చెవి ఒప్పుకున్నాక ఇక నా పరీక్షలెందుకు?

నానబెట్టాను. వాన చప్పుడు మోగిస్తూ సొరుగులో పెట్టి ఇంటికెళ్లేదాన్ని. పొద్దున్నే వచ్చి, గింజ మొలిచిందా లేదా అని మట్టి తవ్వి చూసే చిన్నపిల్లలా, తీసి చెవిలో పెట్టుకునేదాన్ని.

"ఎలా ఉందే?" అనేవాడు బావ.

"కొంచెం మేలేమో" అనేదాన్ని. మేలూ లేదు, పాడూ లేదు. మనసు ఏది కోరితే చెవి అదే వింటుంది.

"చూశావా మరి!" అనేవాడు నిమ్మకు నీరెత్తినట్టు.

సీరియల్ భాగాలు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్నాయి. నేను కలిపినవి బావ మరోసారి విని పంపుతున్నాడు. ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను, తెలివితక్కువదాన్ని. మధ్యలో ఒకరోజు కుర్చీలోంచి లేస్తుంటే కళ్లు తిరిగాయి. స్టూడియోలో ఫోన్లు చూసుకునే మా అక్క వచ్చి మంచినీళ్లిచ్చి, "నిద్ర చాలట్లేదేమోనే, ఇవాళ పెందలాడే ఇంటికి పో" అంది.

వంద గంటలయ్యాయి. ఎడమ పక్క మరీ మూగబోయింది. దుకాణంవాడి మొహాన కొట్టి వద్దామని డబ్బాలో సర్దుతూ, ఎందుకో, ఎడమదాన్ని తీసి కుడిచెవిలో పెట్టుకున్నాను. ఆకారం కుదరదు. వేలితో నొక్కిపట్టుకున్నాను.

వాన. ఒక్కో చినుకూ విడివిడిగా, రేకుల మీద ఒకలాగా, నేల మీద ఇంకోలాగా. ఇంత మంచి ఇయర్‌ఫోన్లు నా చేతికి ఎప్పుడూ రాలేదు.

కుడిదాన్ని ఎడమచెవిలో పెట్టుకున్నాను. వాన ఆగిపోయింది.

చెవి డాక్టరు నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి చేతికో బొత్తాం ఇచ్చి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమంది. ఎడమచెవి వంతు వచ్చినప్పుడు చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను.

"నరం దెబ్బతింది. ఉన్నట్టుండి తగ్గింది కదూ? ఆ రోజే రావాల్సిందమ్మా" అందామె. "తొందరగా మందు పడితే చాలామందికి ఎంతో కొంత తిరిగొస్తుంది. ఇప్పుడూ ఇస్తాను గానీ, ఆశలు మాత్రం పెట్టను. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

ఇయర్‌ఫోన్లు నానబెడుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఏమిటో ఆ మెట్లు దిగుతూ తెలుసుకున్నాను.

నేరుగా స్టూడియోకి వెళ్లాను. అక్కా బావా ముందుగదిలోనే ఉన్నారు. డాక్టరు చెప్పింది చెప్పి, ఒక్కటే అడిగాను.

"ఆ రోజు నువ్వు పెట్టుకుని విన్నావు కదా బావా. నీకు ఎడమ పక్క ఎలా వినిపించింది?"

పొద్దస్తమానం మాట్లాడే మనిషి, బల్ల మీది వైరు తీసుకుని చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

"బాగానే వినిపించింది" అన్నాడు చివరికి. "గులిమేమోలే, అదే పోతుందనుకున్నానే. నువ్వు మధ్యలో ఆగిపోతే సీరియల్‌వాళ్లు ఇంకో స్టూడియోకి వెళ్లిపోతారు. చివరి భాగం పంపేశాక నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామనుకున్నా. నువ్వు తేడాగా కలిపినవన్నీ కూర్చుని నేనే సరిచేశాను. నీ పేరు చెడనివ్వలేదు."

నా పేరట! ఒళ్లు మండిపోయింది.

"నా చెవి పోగొట్టి నా పేరు కాపాడావా? పరాయివాడు చేస్తే మోసం అంటాం. నువ్వు చేస్తే ఏమనాలి? నీ కడుపున పుట్టినదాన్నైతే ఇలాగే నానబెట్టేవాడివా?"

అక్క గబగబా వచ్చి నన్ను పొదువుకుంది. ఏడుస్తూ ఆయన మీద విరుచుకుపడింది.

"మొదటి రోజు రాత్రే చెప్పానా లేదా మీకు? అది చెవులతో బతికే పిల్ల, ముందు డాక్టరుకి చూపించండీ అని మొత్తుకున్నానా లేదా? నా మాట వింటేగా!"

నా తరఫునే మాట్లాడింది. నా వీపు నిమురుతూనే ఉంది. బావను తిట్టడానికి దారి పొడుగునా మాటలు కూడబెట్టుకొచ్చాను గానీ, అక్క కోసం ఒక్కటీ తెచ్చుకోలేదు.

ఆమె చేతులు విడిపించుకుని అడిగాను.

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఆయన వద్దన్నారే" అంది.